బ్యాగుల దగ్గర నేనుంటాలే

ఎక్కడికి వెళ్ళినా మా ఇంట్లో ఒక మాట నా నోటి నుంచే వస్తుంది. "మీరెళ్ళి చూసి రండి, బ్యాగుల దగ్గర నేనుంటాలే." కోటప్పకొండలో అదే, భైరవకోనలో అదే, బంధువుల పెళ్ళికి వెళ్ళి దారిలో ఏ కోట దగ్గరో ఆగినా అదే. నన్నెవరూ ఉండమనలేదు. అలాగని "నువ్వూ రా" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళినవాళ్ళూ లేరు. మీలో చాలామందికి ఈ మాట కొత్తేమీ కాదనుకుంటాను.

మా అత్తగారిదీ ఇదే వరస. దర్శిలో యాభై ఏళ్ళు కాపురం చేశారు. ఎన్ని యాత్రలకి వెళ్ళినా చెప్పుల కాపలా ఆవిడ వంతే. "చూడ్డానికేముందిలేమ్మా, కాళ్ళు నొప్పులు తప్ప" అనేవారు. ఆవిడకి నిజంగా చూడాలని లేదా, లేక అలా అనడం అలవాటైపోయిందా అని నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ లేరు.

పెళ్ళయిన రెండో ఏడు, 1994లో, మావారి అన్నదమ్ములంతా కలిసి వ్యాను మాట్లాడుకుని సాగర్ వెళ్ళాం. వినుకొండ, మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరి, లాంచీ ఎక్కి నాగార్జునకొండ మీద దిగాం. నా చంకలో ఎనిమిది నెలల పిల్ల. మా తోడికోడలి చేతిలో పులిహోర గిన్నె. మ్యూజియం గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పిల్ల ఏడుపు లంకించుకుంది. మేమిద్దరం చెట్టు కింద కూలబడ్డాం. మగవాళ్ళు పావుగంటలో బయటికొచ్చారు. "లోపల ఏముందండీ?" అని అడిగితే "ఏముంటాయి, రాళ్ళూ బొమ్మలూ" అన్నారు మావారు. పులిహోర తిన్నాం, లాంచీ ఎక్కాం, వచ్చేశాం. నాగార్జునకొండ చూశావా అని ఎవరైనా అడిగితే ముప్ఫై ఏళ్ళుగా చూశాననే చెప్తున్నాను.

ఆ రాళ్ళలో ఏముందో నాకు మొన్న మొన్ననే తెలిసింది. అదీ మెక్సికోలో ఒక పిరమిడ్ చూసొచ్చాక. నమ్మరేమో కానీ నిజం.

పోయిన డిసెంబర్లో డాలస్‌లో మా అమ్మాయి దగ్గరున్నాం. క్రిస్మస్ సెలవులు వస్తే అక్కడి మన తెలుగువాళ్ళలో చాలామంది కాంకున్ బయల్దేరతారు. విమానంలో మూడు గంటల లోపే. చేతిలో అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. అందుకని ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని వెంటబెట్టుకెళ్ళడం సులువు. అందరూ సముద్రం కోసం వెళ్తారు. మా అమ్మాయి అందులోనే ఒక రోజు తీసి చిచెన్ ఇట్జాకి గైడుతో టూర్ బుక్ చేసింది. 2007లో ఏడు కొత్త వింతలని ప్రకటించారే, మన తాజ్‌మహల్‌తో పాటు, ఆ జాబితాలోది.

నేను వెంటనే నా పాట నేను పాడాను. "బాబుని హోటల్లో నేను చూసుకుంటాలే, మీరెళ్ళి రండి."

"అమ్మా, నీకూ టికెట్ తీశాను. ఇప్పుడు వద్దంటే డబ్బులు వెనక్కి రావు" అంది.

ఆ రెండో మాటకే కదిలాను. డబ్బులు పోతాయంటే కదలని ఇల్లాలు ఉంటుందా?

పొద్దున్నే ఏడింటికి బస్సు. దాదాపు రెండు వందల కిలోమీటర్లు. దారి పొడవునా ఒకటే చిట్టడవి, ఒక కొండ లేదు, ఒక వాగు లేదు. మా గైడు నా వయసావిడే. తెల్లటి గుడ్డ మీద రంగురంగుల పూలు కుట్టిన చొక్కా తొడుక్కుంది. ఇక్కడి ఆడవాళ్ళ కట్టు అదేనట, 'విపిల్' అంటారు. మైకు తీసుకుని మొదటి మాటే ఇలా అంది: "మాయా జాతి మాయమైపోయిందని మీరు చదివి ఉంటారు. నేను ఇక్కడే ఉన్నాను. మా అమ్మ ఇంట్లో ఉంది. మేం మాట్లాడుకునేది మాయా భాషే." బస్సంతా నవ్వింది. ఈ యుకతాన్ ప్రాంతంలో ఆ భాష మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ లక్షల్లో ఉన్నారట. ఆవిడ ఇంగ్లీషు నిదానంగా మాట్లాడింది, నాకు ముప్పాతిక అర్థమైంది. మిగతాది మా అమ్మాయి చెవిలో చెప్పింది.

ఎవరు ఏ ఊరివాళ్ళో అడుగుతూ మా సీటు దగ్గరికొచ్చింది. మా అమ్మాయి డాలస్ అంది. ఆవిడ నన్ను చూసి "మరి మీరు?" అంది. నేను ఇండియా అని ఊరుకోబోయి, ఎందుకో "మాది మిరపకాయలు, పత్తి పండించే ఊరు" అన్నాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఆ రెండూ మా ఇంటివే" అంది.

అమ్మాయి చేత మళ్ళీ చెప్పించుకుని విన్నాను. మిరప పుట్టిల్లు మెక్సికో. కొలంబస్ అటు వెళ్ళాకే అది సముద్రాలు దాటింది. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు మన దేశానికి తెచ్చారు. అంతకుముందు మన కూరల్లో కారం అంటే ముఖ్యంగా మిరియమే. మాయా భాషలో మిరపని 'ఈక్' అంటారట. పత్తి మనకి సింధు నాగరికత నాటి నుంచీ ఉంది, అది వేరే జాతి. ఇప్పుడు మన నల్లరేగడిలో వేస్తున్న హైబ్రిడ్ పత్తి దాదాపు అంతా అమెరికా జాతిది. ఆ జాతిని మనిషి మొదట మచ్చిక చేసుకున్నది ఈ యుకతాన్ వైపేనని శాస్త్రవేత్తలు అంటున్నారు.

నా పెళ్ళయినప్పటి నుంచీ మాకు మిరప ఉంది. కళ్ళంలో కాయలు ఎండబోసుకుని, మబ్బు పడితే పట్టాల కోసం పరిగెత్తి, తొడిమలు తీసిన రాత్రి చేతులు మండి నిద్రపట్టక మజ్జిగలో ముంచుకుని కూర్చున్నదాన్ని. ఆ కాయ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అనాదిగా మనదే అనుకున్నాను. కిటికీలోంచి ఆ చిట్టడవి చూస్తుంటే, ఇంతసేపూ పరాయి ఊరు అనుకున్నది కాస్తా ఆడపడుచు అత్తవారిల్లులా అనిపించింది.

పిరమిడ్ సంగతి చెప్పాలి కదా. ఫోటోల్లో చూసినదానికంటే నేరుగా ఉంది నాకు, అంటే బడాయి లేకుండా. మెట్లు మెట్లుగా తొమ్మిది అంతస్తులు, పైన గుడి, మొత్తం సుమారు ముప్ఫై మీటర్ల ఎత్తు. నాలుగు వైపులా తొంభై ఒక్క మెట్లు, పైన గుడి మెట్టు ఒకటి, కలిపితే 365. అంటే ఆ కట్టడమే ఒక పంచాంగం. ఉత్తరం వైపు మెట్ల అడుగున రెండు పాము తలలు. వాళ్ళ దేవుడు కుకుల్‌కాన్, ఈకలున్న పాము. మార్చిలోనూ సెప్టెంబర్లోనూ పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో సాయంత్రపుటెండకి మెట్ల పక్క గోడ మీద వెలుగునీడలు పడి, పాము మెలికలు తిరుగుతూ కిందికి దిగుతున్నట్టు కనిపిస్తుందట. మేము వెళ్ళింది డిసెంబరు, మాకా భాగ్యం లేదు. ఫోటో చూపించింది. పుట్టలో పాలు పోసే చేతులు కదా, నాకు దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా.

ఎదురుగా నిలబడి చప్పట్లు కొడితే ఆ మెట్ల నుంచి పక్షి కూసినట్టు ప్రతిధ్వని వస్తుంది. వాళ్ళు పవిత్రంగా చూసుకునే కెట్జాల్ పక్షి కూతలా ఉంటుందంటారు. మావారు ఎనిమిది సార్లు కొట్టారు.

ఒక్క సంగతి మాత్రం నన్ను పట్టుకుంది. ఆ పిరమిడ్ ఎక్కనివ్వరు. 2006లో ఒక పెద్దావిడ మెట్ల మీంచి పడి చనిపోయిందట, ఆ తర్వాత మూసేశారు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాళ్ళంతా కిందే నిలబడి తలెత్తి చూడాల్సిందే. ఎక్కి చూసొచ్చేవాళ్ళూ లేరు, కింద బ్యాగులు కాసేవాళ్ళూ లేరు. అందరం ఒకే చోట, ఒకే మాట వింటూ. నా భుజం మీద బ్యాగుంది, నా పక్కనే మావారి భుజం మీదా ఉంది. ఇంత చిన్న విషయానికి అంత సంతోషమా అని నవ్వుకుంటారేమో, నవ్వుకోండి.

బంతాట మైదానం పెద్దది, 168 మీటర్ల పొడవు, గోడల మీద ఎత్తున రాతి వలయాలు. పుర్రెలు చెక్కిన తిన్నె ఒకటి. ఇవి త్వరగా దాటేశాను, పుర్రెలు నాకు నచ్చవు. దారికి రెండు పక్కలా దుకాణాలు, జాగ్వార్ అరుపు వచ్చే ఈలలు ఊదుతూ పిలుస్తుంటారు. మా మనవడు రెండు కొనిపించాడు. ఆ ఈల డాలస్ ఇంట్లో ఎన్నాళ్ళు మోగిందో చెప్పను.

అక్కడి నుంచి పవిత్రమైన బావికి వెళ్ళాం. ఆ నేలంతా సున్నపురాయి, మన పల్నాడు లాగా. వాన నీరు లోపలికే ఇంకిపోతుంది, పైన నదులు పారవు. రాయి కుంగిపోయిన చోట పెద్ద పెద్ద గుండాలు ఏర్పడతాయి. 'సెనోటే' అంటారు. ఊరి పేరుకి అర్థం కూడా 'ఇట్జా వాళ్ళ బావి గట్టు' అనే. ఈ బావిలో వానదేవుడికి బంగారం, పచ్చరాళ్ళు, మనుషుల్ని కూడా సమర్పించేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఎడ్వర్డ్ థాంప్సన్ అనే అమెరికన్ ఆ బావిని తోడించి, దొరికిన వస్తువుల్ని హార్వర్డ్ మ్యూజియానికి పంపించేశాడు. కొన్ని మాత్రమే తర్వాత తిరిగొచ్చాయి.

మేము గట్టు మీద నిలబడి ఉండగా పక్క గుంపు గైడు గట్టిగా చెప్తున్నాడు, పెళ్ళికాని అందమైన ఆడపిల్లల్ని ఇందులోకి తోసేవారని. ఆ గుంపులో ఆడపిల్లలు "అయ్యో" అంటున్నారు. మా గైడు మమ్మల్ని కాస్త పక్కకి తీసుకెళ్ళి చెప్పింది. అది వందేళ్ళుగా టూరిస్టులకి అమ్ముతున్న కథ. బావిలో దొరికిన ఎముకల్లో ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు అందరూ ఉన్నారు. ఈ బావికి దగ్గర్లో 1967లో ఒక నేలమాళిగ బయటపడింది, అందులో చిన్నపిల్లల ఎముకలు. అరవై నాలుగు మందివి పరీక్ష చేసి 2024లో ప్రకటించారు. అందరూ మగపిల్లలే. చాలామంది మూడు నుంచి ఆరేళ్ళ లోపు వాళ్ళు. రక్తసంబంధీకులు, రెండు జతల కవలలు కూడా. ఇప్పుడు ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఉంటున్నవాళ్ళ రక్తంతో వాళ్ళది కలుస్తోందని కూడా ఆ పరీక్షలోనే తేలింది.

మా మనవడికి నాలుగేళ్ళు. ఈల ఊదుతున్నాడు. నేను వాణ్ణి ఎత్తుకున్నాను, బస్సు దాకా దించలేదు.

మధ్యాహ్నం భోజనంలో మొక్కజొన్న రొట్టెలు పెట్టారు. గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడకబెట్టి, కడిగి, రుబ్బి చేస్తారు. సున్నం తాంబూలంలోకేగా మనకి తెలుసు. పక్కన ఒక చిన్న గిన్నెలో నారింజరంగు పచ్చడి, హబనేరో మిరపది. "మాది గుంటూరు కారం" అని మావారు చెంచాడు వేసుకున్నారు. తర్వాత ఆయన ఇరవై నిమిషాలు ఎవరితోనూ మాట్లాడలేదు.

తిరుగు దారిలో గైడు ఇష్‌చెల్ అనే దేవత గురించి చెప్పింది. నేతకీ కాన్పుకీ వైద్యానికీ దేవత. ఆమె కోసం మాయా ఆడవాళ్ళు పడవల మీద సముద్రం దాటి కొజుమెల్ దీవికి యాత్ర వెళ్ళేవారట. చెప్పులు కాయడానికి కాదు, తమ మొక్కు తాము తీర్చుకోడానికి.

ఇంటికొచ్చాక మావారు "ఇదంతా యూట్యూబ్‌లో ఉందే, దీనికి అంత డబ్బెందుకు" అన్నారు. నేను ఒప్పుకోను. యూట్యూబ్ నన్ను మీదే ఊరని అడగదు. పైగా పక్క గుంపు గైడు చెప్పిన ఆడపిల్లల కథ కూడా అందులోనే ఉంటుంది. గైడులందరూ మంచివాళ్ళని నేననను, ఆ గట్టు మీదే ఇద్దర్ని చూశాను. నేననేది ఒకటే. చెప్పే మనిషి ఉన్న చోట, ఆ మాట వినే వరసలో మనం కూడా నిలబడాలి. మనం పక్కన చెట్టు కింద ఉంటే మనకి అందేది "రాళ్ళూ బొమ్మలూ" అనే రెండు ముక్కలే. ఇంట్లో పిల్లలకి కథలు చెప్పేది ఎవరు? మనం. ఆ మనకే ఎవరూ చెప్పకపోతే ఎలా?

"పిల్లల్ని ఎవరు చూస్తారు, సామాను ఎవరు చూస్తారు?" అంటారు. గంటన్నర పని అది. వంతులు వేసుకుంటే తెమలదా? పొలంలో నీళ్ళకి వంతులు వేసుకోవడం వచ్చినవాళ్ళకి ఇది రాదా? ఇంకో తప్పు మనదీ ఉంది. "నేనుంటాలే" అని ముందే అనేస్తాం. త్యాగంలా ఉంటుంది, నిజానికి సగం బద్ధకం, సగం 'నాకేం తెలుస్తుందిలే' అన్న బెరుకు. నా సంగతే చెప్తున్నాను, ఎవరూ నొచ్చుకోకండి.

దర్శి వచ్చాక నాగార్జునకొండ గురించి లైబ్రరీ నుంచి పుస్తకం తెప్పించుకుని చదివాను. డ్యాము నీళ్ళలో మునిగిపోతుందని 1954 నుంచి ఆరేళ్ళు ఆ లోయంతా తవ్వి, దొరికినవి కొండ మీదికి చేర్చారని తెలుసు. తెలియనిది ఇంకోటి. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజులు అక్కడ ఏలుతూ అశ్వమేధం లాంటి యజ్ఞాలు చేశారు. ఆ ఇంటి ఆడవాళ్ళు మాత్రం బౌద్ధానికి దానాలిచ్చారు. మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించింది చాంతిసిరి, రాజుగారి తోబుట్టువు. బోధిసిరి అనే ఉపాసిక సింహళం నుంచి వచ్చిన భిక్షువులకి గుడీ విహారమూ కట్టించింది. వాళ్ళ పేర్లు రాతి మీద వాళ్ళే చెక్కించుకున్నారు. మావారు పావుగంటలో చూసొచ్చిన రాళ్ళవే. ఆ గుమ్మం బయట నేను మా తోడికోడలితో చీరల సంగతులు మాట్లాడుకుంటూ కూర్చున్నాను.

అంత దూరం కూడా అక్కర్లేదు. మా ఊరి నుంచి గంట లోపు ప్రయాణంలో, దొనకొండ మండలంలో, గుండ్లకమ్మ ఒడ్డున చందవరం ఉంది. కొండ మీద మహాస్తూపం, శాతవాహనుల కాలంది. 1964లో వేలూరి వెంకటకృష్ణశాస్త్రిగారు దాన్ని వెలుగులోకి తెచ్చారు. తర్వాత తవ్వకాల్లో ఎన్నో స్తూపాలు, శిల్పాలు దొరికాయి. అక్కడి రాతి శిల్పం ఒకటి, బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తులది, దొంగల చేతుల్లో పడి ఆస్ట్రేలియా దాకా పోయింది. కాన్‌బెర్రాలోని జాతీయ గ్యాలరీ వాళ్ళు 2005లో కొన్నారు. అది చందవరానిదేనని తేలాక 2016లో మన దేశానికి తిరిగిచ్చేశారు. ఆ చెక్కడం చూడ్డానికి కాన్‌బెర్రాలో ఎంతమంది ఆడవాళ్ళు నిలబడి ఉంటారో. పక్కనే ఉన్న మా అత్తగారు యాభై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ కొండెక్కలేదు. నేను ముప్ఫై ఏళ్ళు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం వెళ్ళాం, నేను, మా తోడికోడలు, ఆవిడ కోడలు, ముగ్గురు పిల్లలు. దారికి రెండు వైపులా కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. పిల్లలకి ఈక్ కథ కారులోనే చెప్పేశాను. మేము వెళ్ళిన వేళకి కొండ మీద వివరించి చెప్పేవాళ్ళెవరూ లేరు. నేను చదివిన నాలుగు ముక్కలూ చెప్పాను. తోడికోడలి మనవరాలు "ఇది ఎవరు కట్టారు నాయనమ్మా?" అని అడిగింది. తోడికోడలు నా వంక చూసింది. ఎవరి పేర్లున్నాయో నాకు తెలియదు, కనుక్కుని చెప్తానన్నాను.

దసరా సెలవుల్లో సాగర్ వెళ్దామనుకుంటున్నాం. లాంచీ ఏ రోజుల్లో తిరుగుతుందో ముందు కనుక్కోవాలి, కృష్ణమ్మ పోటు మీదుంటే నడపరు. పులిహోర ఈసారి ఇంట్లో చెయ్యను, మాచర్లలో ఏదో ఒకటి కొంటాం. మావారికి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి, చెట్టు కింద కూర్చుంటానన్నారు, సామాను అక్కడ పెట్టచ్చు. మాచర్ల వైపు వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, కొండ మీద రాళ్ళ గురించి ఓపిగ్గా తెలుగులో చెప్పే మనిషి ఎవరైనా ఉంటే నాకు తెలియజేయండి. ఆడవాళ్ళం ఆరుగురం వస్తున్నాం.